ట్రాక్టర్‌కు బ్రేక్ ఉన్నది, మరి ట్రాలీకేది?

వడ్లు నింపిన ట్రాలీని ట్రాక్టర్ గుంజుకపోవుడు కామారెడ్డి, ఎల్లారెడ్డి రోడ్ల మీద రోజూ చూసేదే. యాభై హార్స్ పవర్ బండి ఆరు టన్నులు గుంజుతదా అని అడిగితే ‘ఇంకో టన్ను ఎయ్యన్నా, ఏం గాదు’ అంటరు. నిజమే, గుంజుతది. షోరూంల బండి కొనేటప్పుడు ఎంత గుంజుతది, డీజిల్ ఎంత తాగుతది, కిస్తీ ఎంత పడ్తది అని అన్నీ అడుగుతం. ఎంత బరువును ఆపుతది అని మాత్రం అడగం.

మన దగ్గర వెల్డింగ్ షాపుల చేపిచ్చుకునే ట్రాలీలను ఒక్కసారి వంగి కింద చూడున్రి. ఇరుసు, చక్రాలు, కమాన్ పట్టీలు, డబ్బా, ముందట హుక్కు, బాగుంటే ఒక హైడ్రాలిక్ జాకీ. చానా వాటికి బ్రేకు అనేదే ఉండదు. పది టన్నుల మొత్తం బరువును ముందున్న రెండు టన్నుల ట్రాక్టరే ఆపాలె.

ఎడ్లబండి తోలినోళ్లకు ఈ సంగతి చెప్పాల్సిన పని లేదు. ఎక్కుడు కాడ ఎడ్లు గుంజితే బండి పోతది. దిగుడు కాడ బండే ఎడ్ల మీదికొస్తది, కాడి మెడలను నూకుతది. అందుకే ముసలి రైతులు దిగుడు రాంగనే బండి మీదికెల్లి కిందికి దుంకి, ఎనుక పట్టుకొని ఆపుకుంట నడిచేటోళ్లు. బండి ఎద్దు కంటే బరువైతే ఎద్దు ఒక్కదానితోని ఆగదని వాళ్లకు ఎరుకే. ట్రాక్టర్ వచ్చినంక ఎనుక పట్టుకునే మనిషి పోయిండు. ఆయన జాగల ఏదీ రాలే.

ఇగ ట్రాక్టర్ బ్రేకు సంగతి. మన ఊర్లల్ల నడిచే ట్రాక్టర్లల్ల దాదాపు అన్నిటికీ బ్రేకు ఎనుక పెద్ద చక్రాలకే ఉంటది, ముందటి చిన్న చక్రాలకు ఉండదు. ఆ ఎనుక చక్రాలకు కూడా కుడికొకటి, ఎడమకొకటి వేరు వేరు పెడళ్లు. దున్నేటప్పుడు మడి కొసకు పోయి మళ్లాలంటే ఒక్క దిక్కు పెడలే తొక్కుతరు, బండి ఉన్నకాన్నే తిరుగుతది. అది పొలం కోసం పెట్టిన ఏర్పాటు. రోడ్డెక్కేటప్పుడు రెండు పెడళ్లను కలిపే చిన్న లాక్ ఉంటది, అది ఎయ్యాలె. ఎయ్యకుంట రోడ్డెక్కి, ఎదురుంగ బర్రె వచ్చిందని గట్టిగ ఒక్క పెడలే తొక్కితే ఒక చక్రం ఆగుతది, ఇంకోటి పోతనే ఉంటది. బండి అడ్డం తిరుగుతది, ఎనుకనుంచి ట్రాలీ నూకుతది. ఆ లాక్ తుప్పు పట్టి పడిపోయిన ట్రాక్టర్లు ఒక్కో ఊర్లె ఎన్నున్నయో లెక్క పెట్టున్రి.

లెక్క అన్న కదా, చిన్న లెక్క చేద్దాం. ట్రాక్టర్ 2 టన్నులు. ఖాళీ ట్రాలీ 2 టన్నులు అనుకుందాం. 40 కిలోల వడ్ల సంచులు 150 ఏస్తే 6 టన్నులు. మొత్తం 10. రెండు టైర్ల ట్రాలీ అయితే దాని బరువుల కొంత హుక్కు మీద పడ్తది కాబట్టి ట్రాక్టర్ ఎనుక చక్రాల మీద సుమారు 2.5 టన్నులుంటయి. ఎండిన డాంబర్ రోడ్డు మీద టైరు తన మీదున్న బరువుల పదింట ఆరొంతుల దాకా పట్టు ఇస్తదనుకుంటే, ఆపే బలం ఒకటిన్నర టన్ను. ఆ బలంతోని 10 టన్నులను గంటకు 30 కిలోమీటర్ల స్పీడు నుంచి ఆపాలంటే, బ్రేకు పడ్డంక దాదాపు 24 మీటర్లు పోతది. కాలు పెడల్ మీదికి పోయేదాకా ఒక సెకను పడ్తది, అండ్ల ఇంకో 8 మీటర్లు. అంటే 32 మీటర్లు. ఇది సాపు రోడ్డు, ఎండిన రోడ్డు, బ్రేకులు కొత్తగున్న బండి.

ఇప్పుడు అదే బండి వానలకు తడిసిన రోడ్డు మీద, పొలాల నుంచి వచ్చిన మట్టి అంటుకున్న కాడ, నూరు మీటర్లకు అయిదు మీటర్లు దిగే దిగుడుల ఉన్నదనుకోండి. పట్టు సగం అయితది, 750 కిలోలు మిగుల్తయి. దిగుడు ఒక్కటే 10 టన్నుల బండిని అర టన్ను బలంతోని కిందికి గుంజుతది. మిగిలేది పావు టన్ను. బండి ఆగేదానికి 140 మీటర్లు కావాలె. 140 మీటర్లల్ల ఊరి బస్టాండు, బడి, కల్లు దుకాణం అన్నీ వస్తయి.

అదే ట్రాలీ చక్రాలకు సుత బ్రేకు ఉంటే? వాటి మీద 7 టన్నులుంటయి. ఆ బరువే టైర్లను రోడ్డుకు ఒత్తి పట్టిస్తది. మామూలు బ్రేకుతోని ఇంకో రెండున్నర టన్నుల ఆపే బలం వస్తదనుకున్నా, ఎండిన రోడ్డు మీద 24 మీటర్లు కాస్తా 9 అయితది. ఏ బరువైతే మనల్ని నూకుతదో ఆ బరువే మనల్ని ఆపుతది. స్పీడు సంగతి కూడా ఈ లెక్కలనే ఉన్నది: 30కి బదులు 15ల పోతే దూరం సగం కాదు, నాలుగో వంతు అయితది. బ్రేకు లేని ట్రాలీ ఉన్నోళ్ల చేతిల ఇయ్యాల ఉన్న మందు అదొక్కటే.

దూరం ఒక్కటే అయితే అనుకోవచ్చు. ట్రాలీ నూకుడు ఎప్పుడూ తిన్నగ ఉండదు. ట్రాక్టర్ చక్రాలు ఆగినయి, ట్రాలీ ఆగలే. హుక్కు కాడ కొంచెం వంకర ఉన్నా, మలుపుల ఉన్నా, ట్రాలీ ట్రాక్టర్ ఎనుక భాగాన్ని పక్కకు నూకుతది. ఒక్కసారి అడ్డం తిరిగినంక స్టీరింగ్ పని చెయ్యదు. బరువు ఎనుక ఎక్కువైతే ముందటి చక్రాలు తేలుతయి, అప్పుడు స్టీరింగ్ తిప్పినా తిప్పకున్నా ఒకటే.

గల్ఫ్‌ల ట్రైలర్లు నడిపి వచ్చినోళ్లు మన జిల్లాల ఊరికి పది మంది దొరుకుతరు. వాళ్లను అడగున్రి. ట్రైలర్ కట్టంగనే మొదట చేసే పని గాలి పైపులు తగిలించుడు. ఒక పైపు బ్రేకుకు, ఒక పైపు ఎప్పుడూ గాలి నిండి ఉండేదానికి. ఆ రెండో పైపు తెగిందా, ట్రైలర్ బ్రేకులు వాటంతట అవే పట్టేస్తయి. సౌదీల గింత కట్టుబాటుగ నడిపిన మన పోరడే ఎల్లారెడ్డికి వచ్చి బ్రేకు లేని ట్రాలీ ఎక్కుతడు. ఎక్కకుంటే ఇంకొకడు ఎక్కుతడు కాబట్టి.

యూరప్‌ల కారుకు కట్టే ట్రైలర్ దాని బరువు, సరుకు బరువు కలిపి 750 కిలోలు దాటే రకమైతే దానికి సొంత బ్రేకు ఉండాలె. అమెరికాల టెక్సస్ రాష్ట్రంల ఆ గీత 4,500 పౌండ్లు, అంటే సుమారు 2 టన్నుల కాడ ఉన్నది. యూరప్ గీత లెక్కన చూస్తే మన ట్రాలీ ఒక్క సంచి ఎయ్యకముందే దాటిపోయినట్టు.

అమెరికాల పిక్‌అప్ బండ్ల ఎనుక ట్రైలర్లు కట్టుడు చానా మామూలు. గుర్రాలు, పడవలు, గడ్డి మోపులు, పాత కార్లు, ఏదైనా గుంజుకపోతరు. ఆ ట్రైలర్లల్ల ఎక్కువ వాటికి ఉండేది కరెంటు బ్రేకు. ఇది కొత్త ఇచ్చెంత్రం కాదు. మోటరు బండ్లకు స్పీడోమీటర్ తయారుచేసిన ఆర్థర్ వార్నర్ అనే ఆయన నూరేండ్ల కిందనే దీని మీద పనిచేసిండు. మన వైండింగ్ షాపుల మోటర్లు చుట్టే పిల్లగాండ్లకు ఐదు నిమిషాలల్ల అర్థమయ్యే సంగతి.

డ్రమ్ము లోపల మామూలుగ ఉండే రెండు బ్రేక్ షూలే ఉంటయి. నూనె సిలిండర్ బదులు ఒక చిన్న కడ్డీ, దాని కొసకు రాగి తీగ చుట్టిన అయస్కాంతం. కరెంటు ఇయ్యంగనే అయస్కాంతం తిరుగుతున్న డ్రమ్ము ముఖానికి అతుక్కుంటది. డ్రమ్ము తిరుగుతనే ఉంటది కాబట్టి దాన్ని ఎంబడి ఈడ్చుకపోతది. కడ్డీ పక్కకు కదిలి షూలను బయటికి నూకుతది. కరెంటు చేసే పని అతుక్కునుడే, షూలను ఒత్తే బలం తిరిగే చక్రానిదే. అందుకే కరెంటు పెద్దగ తినదు: 12 ఓల్టుల కాడ ఒక చక్రానికి సుమారు 3 ఆంపులు, నాలుగు చక్రాలకు 12. రెండు హెడ్‌లైట్లు ఏసినంత కంటే జర ఎక్కువ.

డ్రైవర్ ముందట ఒక చిన్న డబ్బా ఉంటది, కంట్రోలర్ అంటరు. దానికి నాలుగు తీగలు: బ్యాటరీ నుంచి ఫ్యూజు మీంచి వచ్చే ప్లస్, ఎర్త్, బ్రేకు లైటు స్విచ్ నుంచి వచ్చే సిగ్నల్, ట్రైలర్‌కు పోయే తీగ. పెడల్ తొక్కంగనే బ్రేకు లైటు సిగ్నల్ చూసి ట్రైలర్‌కు కరెంటు పంపుతది. ఎంత పంపాలె అనే కాడ రెండు రకాలున్నయి. అగ్గువ రకం, తొక్కినంక మెల్లమెల్లగ ఒకే తీరుగ పెంచుకుంట పోతది, మెల్లగ తొక్కినా, గట్టిగ తొక్కినా దానికి ఒకటే. రెండో రకం బండి ఎంత జోరుగ ఆగుతున్నదో పసిగట్టి దానికి తగ్గట్టు పంపుతది. పైసలు పెట్టేటోళ్లు రెండో దానికే పెట్టాలె.

బిగించుడుల పని చెడేది ఎక్కువగ తీగల కాడనే. మన దగ్గర ఇండికేటర్ తీగలాంటి సన్న తీగ గుంజి, ఎర్త్ కోసం హుక్కు ఇనుము మీద భరోసా పెడ్తరు. హుక్కు కాడ గ్రీజు, పెయింటు, తుప్పు ఉంటయి. కరెంటు తిరిగి వచ్చే తొవ్వ ఉండదు. ఎర్త్‌కు వేరే తీగ, అది కూడా ప్లస్ తీగంత లావుది, నాలుగైదు చదరపు మిల్లీమీటర్ల రాగిది, బ్యాటరీ దాకా ఎయ్యాలె. సన్న తీగ ఏస్తే తొవ్వలనే ఓల్టులు తగ్గిపోయి, అయస్కాంతం పేరుకే పట్టుకుంటది. మల్టీమీటర్ ఉంటే చూసుడు అల్క: తీగ ఇప్పి ఒక్కో అయస్కాంతాన్ని కొలిస్తే 4 ఓమ్‌ల అటుఇటు రావాలె. ఏమీ చూపియ్యకపోతే లోపల తీగ తెగినట్టు. సున్నా దగ్గర చూపిస్తే లోపల కలిసిపోయినట్టు.

తర్వాత షూలు సర్దుడు. చక్రం లేపి తిప్పుకుంట, డ్రమ్ముకు గట్టిగ తగిలేదాకా సర్దుబాటు చక్రం తిప్పి, మళ్ల సన్నగ రాసుకునే దాకా ఎనుకకు ఇడువాలె. కంట్రోలర్‌ల ఎంత జోరు పెట్టాల్నో రోడ్డు మీదనే తెలుస్తది. పిక్‌అప్ అయితే ఖాళీగ, ఎండిన, సాపు రోడ్డు చూసుకొని 40 కిలోమీటర్ల కాడ, చేతితోని నొక్కే మీట ఒక్కటే నొక్కాలె, పెడల్ ముట్టొద్దు. ట్రైలర్ చక్రాలు కిర్రుమని జామైతే తగ్గియ్యాలె. ఏమీ తెలుస్తలేదంటే పెంచాలె. జామయ్యేదానికి కొంచెం కింద ఆగాలె. బరువు మారితే మళ్ల చూసుకోవాలె. వడ్లు నింపినప్పుడు పెట్టిన జోరు ఖాళీ ట్రాలీకి ఎక్కువైతది, చక్రాలు జామై ట్రాలీ తోక ఊపుతది.

ఇంకొకటి, నాకు ఈ మొత్తం ఏర్పాటుల బాగా నచ్చింది. ట్రైలర్ మీదనే ఒక చిన్న బ్యాటరీ, ఒక పిన్ను స్విచ్. పిన్నుకు సన్న ఇనుప తాడు, ఆ తాడు రెండో కొస గుంజే బండి చాసిస్‌కు కట్టాలె, హుక్కుకు కాదు. హుక్కు ఊడి ట్రైలర్ ఇడిపోయిందనుకోండి, తాడు పిన్నును గుంజుతది, బ్యాటరీ కరెంటు తిన్నగ అయస్కాంతాలకు పోతది, ట్రైలర్ ఉన్నకాడ ఆగుతది. మన దిక్కు పిన్ను ఊడితే ట్రాలీ ఎటు పోతదో దేవునికెరుక. ఇది పని చేస్తదా లేదా చూడాలంటే నిలబెట్టినప్పుడు పిన్ను గుంజి, మెల్లగ ముందుకు కదిలి చూసి, ఎంబడే మళ్ల పెట్టాలె. నిలబెట్టేటందుకు మాత్రం దీన్ని నమ్మొద్దు. బ్యాటరీ దిగిపోతే బ్రేకు ఇడుస్తది. చక్రం కింద రాయి పెట్టే మన క్లీనర్ పద్ధతే ఖరారు.

అయితే ఇది తెచ్చి రేపే వడ్ల ట్రాలీకి పెట్టున్రని నేను చెప్తలేను. కరెంటు బ్రేకుకు బురద, నీళ్లు పడయి. నాట్ల కాలంల నారు మోపులు ఏసుకొని మడి గట్టు దాకా పోయే ట్రాలీ ఇరుసు సగం బురదల మునుగుతది. డ్రమ్ముల మట్టి చేరితే అయస్కాంతం ముఖం అరుగుతది, తీగలు కుళ్లుతయి. పొలంల దిగే ట్రాలీకి హైడ్రాలిక్ బ్రేకో, గాలి బ్రేకో మేలు. ట్రాలీ ముందుకు నూకినప్పుడు ఆ నూకుడుతోనే బ్రేకు పడే హుక్కు రకం కూడా ఉన్నది, దానికి ట్రాక్టర్‌తోని పనే లేదు, కాకపోతే రివర్స్ పోయేటప్పుడు దాన్ని ఆపే ఏర్పాటు కావాలె. కరెంటు బ్రేకు సరిగ్గ సరిపోయేది పిక్‌అప్ ఎనుక, రోడ్డు మీదనే తిరిగే వాటికి: జనరేటర్, స్లాబ్ పోసే మిల్లర్, నీళ్ల ట్యాంకర్. ఏ రకం అన్నది ఎవల పనిని బట్టి వాళ్లు చూసుకోవచ్చు. ఏదో ఒకటి ఉండాలె అన్నదాని మీద మాత్రం బేరం లేదు.

‘ఖర్చు ఎవలు పెడ్తరు?’ అంటరు. ట్రాలీకి రంగులు, బొమ్మలు, సౌండ్ బాక్సులు పెట్టినప్పుడు ఈ ప్రశ్న రాదు గని, సరే, న్యాయమైన ప్రశ్నే. కౌలు రైతు పెట్టలేడు. కిరాయికి నడుపుకునే పోరడు పెట్టలేడు. సబ్సిడీ మీద రోటవేటర్లు, స్ప్రేయర్లు ఇచ్చిన సర్కారు ట్రాలీ బ్రేకుకు కూడా ఇయ్యాలె. రవాణా శాఖ ఆఫీసుల ట్రాలీకి నంబరు ఇచ్చేకాడ బ్రేకు ఉన్నదా అని వంగి చూడాలె. 1988 మోటారు వాహనాల చట్టంల ట్రైలర్ ఒక వేరే బండే, దానికి సొంత రిజిస్ట్రేషన్ ఉంటది. నంబరుకు, ఇన్సూరెన్సుకు వేరే బండి అయినప్పుడు, బ్రేకుకు మాత్రం ట్రాక్టర్ తోక ఎట్ల అయితది?

ఇది ఎవల పాణం మీద నడుస్తున్నదో కూడా చూడాలె. 2018 ఏప్రిల్‌ల నల్లగొండ జిల్లా పీఏపల్లి మండలంల కూలీల ట్రాక్టర్ కాల్వల పడి తొమ్మిది మంది పోయిన్రు. అదే ఏడు జూన్ 24న యాదాద్రి జిల్లా వేములకొండ కాడ ట్రాక్టర్ మూసీ కాల్వల పడి పదిహేను మంది పోయిన్రు, దాదాపు అందరూ పొలం పనికి పోతున్న ఆడోళ్లు. మన జిల్లాలనే 2022 మే 8న, నిజాంసాగర్ మండలం హసన్‌పల్లి గేటు కాడ, ఎల్లారెడ్డిల కార్యం చూసుకొని వాపస్ పోతున్న చిల్లర్గి ఊరోళ్ల బండి లారీకి గుద్దుకొని తొమ్మిది మంది పోయిన్రు. ఇవి ట్రాలీకి బ్రేకు లేకనే అయినయని నేను అంటలేను, హసన్‌పల్లిది అయితే ట్రాలీనే కాదు, టాటా ఏస్. కానీ మూడింటిల ఒకటే మాట: సరుకు మోసే బండి మీద మనుషులు. ఆటో కిరాయి కట్టుకోలేని కూలీలకు సరుకు బండే బస్సు. ఆ బస్సుకు బ్రేకు ఉన్నదా లేదా అనేది వాళ్లు అడగలేరు.

పోయినంక పైసల సంగతి కూడా ఇనున్రి. సరుకు బండిల ఎక్కిన మనిషికి ఇన్సూరెన్స్ కంపెనీ బాధ్యత లేదని సుప్రీంకోర్టు 2002ల ఆశారాణి కేసుల చెప్పింది. 2007ల బ్రిజ్ మోహన్ కేసుల ట్రాక్టర్ ట్రాలీ మీద పోతున్న కూలీకి దెబ్బలు తాకితే, కంపెనీకి బాధ్యత లేదంటనే, ముందు కూలీకి కట్టి తర్వాత ఓనర్ దగ్గర వసూలు చేసుకోమన్నది. అంటే చివరికి భారం ట్రాక్టర్ ఓనర్ మీద పడ్తది, ఆయనకు ఉన్నది రెండెకరాలైతే అదే పోతది. డ్రైవర్ మీద కేసు అయితది. ‘అతివేగం, అజాగ్రత్త’ అని రాస్తరు. ఇదివరకు ఐపీసీ 304ఏ కింద రెండేండ్ల దాకా శిక్ష ఉండె, 2024 జులై నుంచి అమల్లకు వచ్చిన భారతీయ న్యాయ సంహిత 106 సెక్షన్ కింద ఐదేండ్ల దాకా ఉంటది. ఇరవై ఏండ్ల పోరడు కాలు గట్టిగనే తొక్కి ఉండొచ్చు. తొక్కినా ఆగని బండి చేతికిచ్చినోళ్ల పేరు, ఆ ట్రాలీ కట్టినోళ్ల పేరు, దానికి నంబరు ఇచ్చినోళ్ల పేరు ఆ కాగితంల ఉండదు.

బ్రేకు వచ్చేదాకా బండి నడపకుంట ఉండలేం. వడ్లు కాంటాకు పోవాలె, చెరుకు ఫ్యాక్టరీకి పోవాలె. ట్రాలీ నడిపే తమ్ముళ్లు ఈ రేపటి కిరాయికే చూసుకునేవి కొన్నున్నయి. రోడ్డెక్కే ముందట రెండు పెడళ్ల లాక్ ఎయ్యాలె. దిగుడు కాడ డీజిల్ మిగుల్తదని న్యూట్రల్ చెయ్యొద్దు. ఎక్కేదానికి ఏ గేరు కావాల్నో దిగేదానికి అదే గేరు, అది కూడా దిగుడు మొదలు కాకముందే ఏసుకోవాలె, నడిమిట్ల మార్చబోతే గేరు పడదు, బండి చేతికి రాదు. హుక్కు పిన్నుకు లాక్ క్లిప్పు ఉండాలె, ఇనుప మేకు వంచి పెట్టుడు కాదు. హుక్కు ఊడినా ట్రాలీ పోకుంట ఒక బలమైన గొలుసు అడ్డంగ కట్టాలె. కొత్త ట్రాలీ చేపిచ్చేటోళ్లు వెల్డింగ్ షాపుల అడ్వాన్స్ ఇచ్చే ముందటనే ఇరుసు సంగతి మాట్లాడాలె: డ్రమ్ము, బ్రేక్ షూలు పట్టే ఇరుసే కావాలని. ఉత్త ఇరుసు బిగించినంక బ్రేకు పెట్టాలంటే మళ్ల ఇరుసే మార్చాలె, ఖర్చు రెండింతలు అయితది.